పెద్దయ్యాక పళ్లకి క్లిప్పులు: అందరూ అడిగే ప్రశ్నలు, సూటి జవాబులు

ముప్పై దాటాక క్లిప్పులు వేయించుకున్నాను. అప్పటి నుంచి ఆఫీసులో, పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా అవే సందేహాలు. ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ టైప్ చేయలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. నా డాక్టర్‌ని ప్రశ్నలతో విసిగించి తెలుసుకున్నవి, చదివినవి, నా నోటికి అనుభవంలోకి వచ్చినవి ఇవి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నవాళ్లకి

నాకు 35 దాటాయి, ఇప్పుడు వేస్తే పళ్లు కదులుతాయా?

కదులుతాయి. పన్ను ఎముకలో సిమెంటు వేసి పాతినట్టు ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. తీగ పన్నుని నెట్టిన వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, ఖాళీ అయిన వైపు కొత్త ఎముక వస్తుంది, ఈ పని మన ఒంట్లో ఏ వయసులోనూ ఆగదు. పిల్లలతో పోలిస్తే పెద్దవాళ్లకి మొదట్లో కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే. నెలకి సుమారు 1 మిల్లీమీటరు కదిలితే బాగా కదిలినట్టే. డాక్టర్ చూసేది పుట్టిన సంవత్సరం కాదు, చిగుళ్లూ ఎముకా ఎలా ఉన్నాయని. అరవైల్లో వేయించుకునేవాళ్లూ ఉన్నారు.

చిన్నప్పుడైతే అయ్యేది, ఇప్పుడు కానిది ఏమైనా ఉందా?

ఉంది, దవడ. పెరిగే వయసులో పై దవడని వెడల్పు చేయడం, కింది దవడ పెరుగుదలని కొంత దారిలో పెట్టడం కుదురుతుంది. పెరుగుదల ఆగాక క్లిప్పులతో పళ్లు కదులుతాయి కానీ దవడ కదలదు. అందుకే కింది దవడ బాగా ముందుకో వెనక్కో ఉన్న పెద్దవాళ్లకి రెండే దారులు చెబుతారు: పళ్ల వరకు సర్ది తేడా కనిపించకుండా చేయడం, లేదా క్లిప్పులతో పాటు దవడ ఆపరేషన్. ఆపరేషన్ మాట వినగానే డాక్టర్ డబ్బు కోసం అంటున్నారనుకోకండి, కొన్ని కేసుల్లో నిజంగా అదొక్కటే దారి.

బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, వేయించుకోవచ్చా?

ముందు చిగుళ్లు బాగుచేయించుకోండి, తర్వాతే క్లిప్పులు. చిగుళ్ల జబ్బు ముదురుతున్నప్పుడు పళ్లని కదిపితే వాటిని పట్టుకుని ఉన్న ఎముక ఇంకా త్వరగా తగ్గిపోతుంది. గార తీయించి, అవసరమైతే లోతుగా క్లీనింగ్ చేయించి, చిగుళ్లు గట్టిపడ్డాయని నమ్మకం కుదిరాక మొదలుపెడతారు. ఇందుకు కొన్ని నెలలు పట్టినా పట్టనివ్వండి. చిగుళ్లు చూడకుండా మొదటి రోజే క్లిప్పులు అతికిస్తామనే చోట నేనైతే కుర్చీ దిగి వచ్చేస్తాను. సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటుంటే చిగుళ్లు కోలుకోవడం కష్టం, ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు.

షుగర్, బీపీ ఉన్నాయి, ఎముకలకి మందు వాడుతున్నాను. ఇబ్బందా?

షుగర్ అదుపులో ఉంటే ఇబ్బంది లేదు, అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు వేగంగా ముదురుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి, క్లిప్పులు ఉంటే అది ఇంకా విసిగిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందుల గురించి. వాటివల్ల పళ్లు కదలడం మందగిస్తుంది, పన్ను పీకాల్సి వస్తే పుండు మానకపోయే ప్రమాదమూ ఉంది. ఏ మందైనా మీ అంతట మీరు ఆపేయకుండా, వాడే మందుల చీటీ మొత్తం డెంటిస్టు ముందు పెట్టండి.

రూట్ కెనాల్ చేయించిన పన్ను ఉంది, ఒక ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూలా బిగించిన కృత్రిమ పన్ను) కూడా ఉంది. మరి?

రూట్ కెనాల్ పన్ను మామూలు పన్నులాగే కదులుతుంది. క్యాప్ ఉంటే బ్రాకెట్ (తీగని పట్టుకునేలా పంటికి అంటించే చిన్న ముక్క) అతికించడానికి వేరే పద్ధతి వాడతారు. ఇంప్లాంట్ మాత్రం ఎముకకి నేరుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి కదలదు, దాన్ని ఉన్నచోట ఉంచి చుట్టూ ప్లాన్ చేయాలి. ఇంకా ఇంప్లాంట్ పెట్టించుకోకపోతే క్లిప్పుల పని పూర్తయ్యాకే పెట్టించుకోండి.

పన్ను మీద పన్ను ఉంటే అదృష్టం అంటారు కదా?

మా అమ్మమ్మ కూడా అనేది. అదృష్టం సంగతి తెలియదు గానీ ఆ రెండు పళ్ల మధ్య బ్రష్ సరిగా వెళ్లదు, పుచ్చేది అక్కడే.

ఆరు నెలల్లో పెళ్లి, ఈలోపు అయిపోతుందా?

ముందు పళ్లలో చిన్న సందో, కొద్దిపాటి వంకరో అయితే అవ్వొచ్చు. ఎత్తు పళ్లయితే అవ్వదు. ఫొటోల్లో కనిపించకూడదంటే పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులు వేయించుకోవడం, లేదా పెళ్లయ్యాక మొదలుపెట్టడం మేలు. ముహూర్తం దగ్గరపడుతోందని మంచి పళ్లని అరగదీసి పైన క్యాప్‌లు తొడిగించుకోవడం మాత్రం వద్దు, అరిగిన ఎనామిల్ (పంటి గట్టి పైపొర) మళ్లీ రాదు.

## డాక్టరు, డబ్బు, ప్లాను

మా వీధిలో డెంటిస్టు వేస్తానంటున్నారు, ఆర్థోడాంటిస్టే కావాలా?

ఆర్థోడాంటిస్టే, అంటే వంకర పళ్లు సరిచేసే స్పెషలిస్టే అయితే మంచిది. బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేసినవాళ్లు వాళ్లు. మన దగ్గర చాలా క్లినిక్కులకి ఆర్థోడాంటిస్టు నెలకి ఒకటి రెండు రోజులు వచ్చి వెళ్తుంటారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆయన పేరు, డిగ్రీ, మధ్యలో తీగ గుచ్చుకుంటే ఎవరు చూస్తారు, ఆయన రావడం మానేస్తే మీ కేసు ఎవరిది అనేవి ముందే అడగండి. పెద్దవాళ్ల కేసుల్లో చిగుళ్లు, పాత ఫిల్లింగులు, లేని పళ్లు అన్నీ కలిసి చిక్కుముడిగా ఉంటాయి కాబట్టి అనుభవం ఎక్కువ ఉన్నవారికే నేను ఓటేస్తాను.

మొదటిసారి వెళ్తే ఏం చేస్తారు?

పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, పక్క నుంచి తల మొత్తం తీసే సెఫలోగ్రామ్, ముఖానికీ పళ్లకీ ఫొటోలు, అచ్చు లేదా స్కానింగ్. వీటిని చూసి ప్లాన్ చెబుతారు. పళ్లు పీకాలా, ఎన్ని నెలలు, మొత్తం ఎంత అనేది కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌రే లేకుండా అద్దంలో చూపించి ప్లాన్ చెప్పేస్తే అది ప్లాన్ కాదు.

ఖర్చెంత?

హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే రేట్లు: మెటల్ 30 వేల నుంచి 60 వేల మధ్య, సిరామిక్ దానికి పది ఇరవై వేలు పైన, పళ్ల వెనక వేసేవీ అలైనర్లూ (తీసి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) అయితే లక్ష, ఒక్కోసారి రెండు మూడు లక్షలు. చెప్పిన అంకె కంటే ముఖ్యం అందులో ఏవేవి కలిసి ఉన్నాయన్నది. పళ్లు పీకడం, ఎక్స్‌రేలు, ఎముకలో బిగించే చిన్న స్క్రూలు, ఊడిన బ్రాకెట్లు మళ్లీ పెట్టడం, చివర్లో రిటైనర్లు (సరయిన పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునేవి) కూడా కలిపి చెప్పారా అని అడగండి. తక్కువ రేటు చెప్పి ఇవన్నీ విడిగా వేసే చోట్లు ఉన్నాయి.

డబ్బు ఇబ్బందైతే డెంటల్ కాలేజీలు చూడండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఖర్చు చాలా తక్కువ, కాకపోతే పని మానుకుని పగటిపూట లైన్లో కూర్చోవాలి. ఆరోగ్య బీమా దీనికి దాదాపుగా రాదు, నెలవారీ వాయిదాలు మాత్రం చాలా క్లినిక్కులు ఒప్పుకుంటాయి.

మెటలా, సిరామిక్కా, అలైనర్లా? ఏది మంచిది?

మెటల్ గట్టిది, చవక, కష్టమైన కేసుల్లో నమ్మకమైనది. సిరామిక్ పంటి రంగులో ఉంటుంది, కానీ బ్రాకెట్ కాస్త పెళుసు, పైగా దాని చుట్టూ వేసే తెల్ల రబ్బరు మన పసుపు దెబ్బకి తట్టుకోదు. పొద్దున రబ్బర్లు మార్పించుకుని మధ్యాహ్నం పప్పుచారు, చేపల పులుసు తిన్నారంటే సాయంత్రానికి పచ్చగా నవ్వుతారు. డాక్టర్‌ని అడిగి బూడిద రంగు రబ్బర్లు వేయించుకుంటే ఆ గొడవ చాలావరకు ఉండదు.

అలైనర్లు తీసి పెట్టుకోవచ్చు, దూరం నుంచి కనిపించవు. అయితే రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. అవి పెట్టుకుని మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. రోజుకి ఐదుసార్లు చాయ్ తాగేవాళ్లు ప్రతిసారీ తీసి, తాగి, నోరు కడుక్కుని, మళ్లీ పెట్టుకోవాలి, మూడో వారానికి ఎంతమంది చేస్తారో మీకే తెలుసు. క్రమశిక్షణ ఉంటే తీసుకోండి, లేకపోతే తీయడానికి వీల్లేనివే నయం. పళ్ల వెనక వేసేవి అస్సలు కనిపించవు గానీ నాలుకని కొన్నాళ్లు సతాయిస్తాయి.

రబ్బర్లు లేకుండా తీగని తమంతట తామే పట్టుకునే బ్రాకెట్లతో సగం టైమ్‌లో అయిపోతుందని చెబితే నమ్మకండి, పరిశోధనల్లో అలాంటి తేడా కనిపించలేదు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే అలైనర్లు ఇంటికే పంపుతారట, క్లినిక్ గొడవే లేదట?

చిగుళ్లు పట్టి చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా పళ్లు కదిపితే ఎముక ఎంత ఉందో ఎవరికి తెలుస్తుంది? ఇంకో సంగతి. ఇదే పద్ధతిలో అమెరికాలో పెద్ద కంపెనీ అయిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు ఎటూ కాకుండా పోయారు. బ్రాండ్ ఏదైనా పర్లేదు, మీ నోరు స్వయంగా చూసే డాక్టర్ ఒకరు మీ ఊళ్లో ఉండాలి.

నాలుగు మంచి పళ్లు పీకాలంటున్నారు, భయంగా ఉంది. కళ్లు దెబ్బతింటాయంటున్నారు మావాళ్లు.

పై పళ్లకీ కంటిచూపుకీ సంబంధం లేదు. పన్ను పీకినందుకు చూపు తగ్గదు. ఆ నరాలు వేరు, ఈ నరాలు వేరు.

ఇక పీకడం ఎందుకంటే చోటు కోసం. మనవాళ్లలో ఎత్తు పళ్లు, రెండు పెదవులూ ముందుకి ఉండటం బాగా కనిపిస్తుంది. పళ్లన్నీ వెనక్కి వెళ్లాలంటే ఖాళీ కావాలి, ఆ ఖాళీ కోసం ఎక్కువగా కోరపన్ను వెనక ఉండే పన్నుని పైన రెండు, కింద రెండు తీస్తారు. నమలడంలో పెద్ద బరువు మోసేది దాని వెనక ఉన్న దవడ పళ్లు కాబట్టి నష్టం తక్కువ. చోటు కొద్దిగానే కావాలంటే పళ్ల పక్కల ఎనామిల్‌ని పంటికి అర మిల్లీమీటరు లోపే అరగదీసి సర్దేస్తారు, లేదా ఎముకలో చిన్న స్క్రూలు బిగించి వాటి ఆధారంతో వెనక పళ్లని వెనక్కి లాగుతారు. ఇవి మీ కేసుకి పనికొస్తాయా అని నిస్సంకోచంగా అడగండి. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు, పీకిన పన్ను మళ్లీ రాదు కదా. పీకడం మత్తు ఇంజక్షన్‌తోనే, అసలు కష్టం ఆ తర్వాత నెలల తరబడి ఆ సందుల్లో అన్నం ఇరుక్కోవడం.

మేం అమెరికాలో ఉంటాం, ఇండియా వచ్చినప్పుడు వేయించుకుంటే చవక కదా?

వేయడం ఒక్కరోజు పని, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి సర్దడమే అసలు చికిత్స. అక్కడి డాక్టర్ మధ్యలో వచ్చిన కేసుని తీసుకోకపోవచ్చు, తీసుకున్నా కొత్త ఫీజు వేయొచ్చు. ఏడాదిన్నర రెండేళ్లు ఎక్కడ ఉంటారో అక్కడే మొదలుపెట్టండి. ఉద్యోగం బదిలీ అయ్యే అవకాశం ఉన్నవాళ్లకీ ఇదే మాట.

## వేసిన కొత్తలో

క్లిప్పులు వేసేటప్పుడు నొప్పి ఉంటుందా?

ఉండదు, ఇంజక్షన్ కూడా ఉండదు. పంటి మీద జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, బ్రాకెట్ అతికించి నీలం లైటు పెడతారు. గంటా గంటన్నర నోరు తెరిచి ఉంచడమే విసుగు. నొప్పి ఇంటికెళ్లిన కొన్ని గంటలకి మొదలై, ఒకటి రెండు రోజులు గట్టిగా ఉండి, వారంలోపు తగ్గుతుంది. పారాసిటమాల్ సరిపోతుంది. వేరే నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడాల్సి వస్తే డాక్టర్‌ని అడిగే వాడండి.

మొదటి వారం ఏం తినాలి?

మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ సాంబారులో నానేసి, పొంగలి, రాగిజావ, గుడ్డు, అరటిపండు. చపాతీ కూడా బరువుగా అనిపిస్తుంది, ఆశ్చర్యపోకండి.

బుగ్గల లోపల పుండ్లు పడ్డాయి, కారం తగిలితే ప్రాణం పోతోంది!

గుచ్చుకునే బ్రాకెట్‌ని తుడిచి ఆరబెట్టి, దాని మీద క్లినిక్‌లో ఇచ్చిన మైనం ఉండ చేసి నొక్కండి. గోరువెచ్చని ఉప్పునీళ్లు రోజుకి మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. రెండు మూడు వారాల్లో బుగ్గలకి అలవాటవుతుంది. అప్పటిదాకా ఊరగాయ జాడీ వైపు చూడకండి.

ఆఫీసులో అందరూ నోరే చూస్తారేమో, మాట కూడా తేడా వస్తుందా?

ఒక వారం చూస్తారు, ‘ఈ వయసులోనా’ అని ఒకరిద్దరు అంటారు, వాళ్లలో ఒకరు నెల తర్వాత డాక్టర్ నంబర్ అడుగుతారు. ముందు వేసే క్లిప్పులతో మాట పెద్దగా మారదు. అలైనర్లతోనూ వెనక వేసేవాటితోనూ స, శ, చ, జ కొన్ని రోజులు తడబడతాయి. ఇంట్లో పేపర్ పైకి చదవండి, త్వరగా సర్దుకుంటుంది.

## నెలలు గడుస్తున్నప్పుడు

అసలు ఏం తినకూడదు? జాబితా చెప్పండి.

డాక్టర్లు పాప్‌కార్న్, చాక్లెట్, ఐసు ముక్కలు అని చెప్పి వదిలేస్తారు. మనిళ్లలో బ్రాకెట్లు ఊడగొట్టేవి వేరే: చెగోడీలు, జంతికలు, వేరుశెనగ పప్పుచెక్క, చెరకు ముక్క, ఎండుకొబ్బరి, వక్కపలుకులు, మటన్ ఎముక, ఆవకాయలో టెంక. ఆవకాయ ముక్కని ముందు పళ్లతో పట్టి లాగే అలవాటుంటే అది ఇప్పుడే మానాలి. గుజ్జు కలుపుకుని తినండి, ఎవరూ వద్దనరు. జామకాయ, మొక్కజొన్న పొత్తు, యాపిల్ మానక్కర్లేదు, ముక్కలు కోసుకుని, గింజలు ఒలుచుకుని వెనక పళ్లతో నమిలితే చాలు. జంతికలు సాంబారులో నానబెట్టి తినేవాళ్లని చూశాను, రుచి గురించి నేనేమీ అనను.

బ్రష్ ఎలా చేయాలి? పావుగంట పడుతోంది.

మొదట్లో అంతే పడుతుంది. బ్రాకెట్‌కి పైన, కింద, దాని మీద, మూడు చోట్లా తోమాలి. తీగ కింద దూరే సన్నటి గుత్తి బ్రష్ మందులషాపుల్లో దొరుకుతుంది, అది తప్పనిసరిగా కొనుక్కోండి. నీళ్లు చిమ్మే యంత్రం ఉంటే బాగుంటుంది గానీ బ్రష్‌కి బదులు కాదు. ఫ్లోరైడ్ పేస్టు వాడండి. ఆఫీసులో భోజనం తర్వాత బ్రష్ కుదరకపోతే గట్టిగా నీళ్లు పుక్కిలించైనా రండి. ఇందులో బద్ధకిస్తే క్లిప్పులు తీసిన రోజు వరుసగా ఉన్న పళ్ల మీద బ్రాకెట్ చుట్టూ తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి పూర్తిగా పోవడం కష్టం.

రాత్రి బ్రాకెట్ ఊడింది, తీగ గుచ్చుతోంది. ఏం చేయాలి?

కంగారు లేదు. గుచ్చే కొన మీద మైనం పెట్టండి. ఊడిన బ్రాకెట్ తీగకి వేలాడుతుంటే అలాగే ఉంచి, పొద్దున క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఇంట్లో జిగురుతో అతికించే ప్రయోగాలు చేయకండి. ముక్క మింగేసినట్టయితే చాలాసార్లు విరేచనంలో పోతుంది, కానీ దగ్గు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పళ్లు ఊగుతున్నాయి, ఊడిపోతాయా?

కదిలే పన్ను కాస్త వదులుగానే ఉంటుంది. ఒకే పన్ను బాగా ఊగుతుంటే, చీము వస్తుంటే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

పై పన్ను నుంచి కింది పన్నుకి రబ్బర్లు వేసుకోమన్నారు, వేసుకోకపోతే?

ట్రీట్‌మెంట్ ఎందుకు సాగుతోందని అడిగేవాళ్లలో చాలామంది జవాబు వాళ్ల జేబులోనే ఉంటుంది, విప్పని రబ్బర్ల ప్యాకెట్ రూపంలో. పై వరస, కింది వరస ఒకదానితో ఒకటి సరిగా కలవడానికి ఆ రబ్బర్లే లాగాలి. చెప్పినన్ని గంటలు పెట్టుకోండి, చెప్పినట్టు కొత్తవి మార్చండి. మర్చిపోయామని రెండేసి వేస్తే త్వరగా అవ్వదు, వేరుకే నష్టం.

వంకర సరయ్యాక ముందు పళ్ల మధ్య చిగురు దగ్గర నల్లటి సందు కనిపిస్తోంది!

పెద్దవాళ్లలో ఇది మామూలే. పళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఆ ఖాళీ దాగి ఉంటుంది, చిగురు తగ్గిపోయి ఉంటే మరీ కనిపిస్తుంది. పళ్ల పక్కలు కొద్దిగా అరగదీసి దగ్గరికి జరపడం, లేదా చివర్లో పంటి రంగు ఫిల్లింగ్‌తో మూయడం చేస్తారు. క్లిప్పులు ఉండగానే అడగండి.

మధ్యలో ఎమ్మారై తీయాల్సి వచ్చింది. గర్భం వస్తే?

ఎమ్మారైకి వెళ్తే క్లిప్పులు ఉన్నాయని ముందే చెప్పండి. తలకి తీస్తుంటే మెటల్ వల్ల బొమ్మ చెడిపోవచ్చు, కొన్నిసార్లు తీగ తీయించి రమ్మంటారు. గర్భం వస్తే చికిత్స ఆపక్కర్లేదు, అత్యవసరం కాని ఎక్స్‌రేలు వాయిదా వేస్తారు. చిగుళ్లు సులభంగా వాచే సమయం కాబట్టి క్లీనింగ్ మీద శ్రద్ధ పెట్టాలి.

మొత్తం ఎన్నాళ్లు?

చాలా కేసులకి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. పళ్లు పీకిన కేసులు, అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టే మనుషులు ఇంకా ఎక్కువ.

## తీసేశాక

తీసేటప్పుడు పళ్లు దెబ్బతింటాయా?

బ్రాకెట్ పట్టుకారతో నొక్కగానే టక్కున వస్తుంది. మిగిలిన జిగురు మిషన్‌తో గీకి పాలిష్ చేస్తారు, కొందరికి కాస్త జివ్వుమంటుంది. ఆ రోజంతా నాలుకతో పళ్లు తడుముకుంటూనే ఉంటారు.

రిటైనర్ ఎన్నాళ్లు పెట్టుకోవాలి? జీవితాంతం అంటున్నారు, నిజమేనా?

నిజమే, రాత్రిపూట. కదిలిన పన్ను చుట్టూ ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది, చిగుళ్లలో నారలు ఇంకా చాలాకాలం పాత చోటికే లాగుతుంటాయి. దానికి తోడు క్లిప్పులు వేసుకోనివాళ్ల పళ్లు కూడా వయసుతో పాటు కొంచెం కొంచెం ముందుకి జరిగి ఇరుకవుతాయి. మొదటి కొన్ని నెలలు దాదాపు రోజంతా, తర్వాత రాత్రి మాత్రమే అని చెబుతారు. కొందరికి ముందు పళ్ల వెనక సన్నటి తీగ శాశ్వతంగా అతికిస్తారు, దాన్ని మర్చిపోవచ్చు గానీ దాని కింద గార మర్చిపోకూడదు. జీవితాంతం రాత్రిళ్లు ఒక ప్లాస్టిక్ తొడుగు పెట్టుకోవడం మీ వల్ల కాదనిపిస్తే, డబ్బు కట్టకముందే ఆ విషయం ఆలోచించుకోండి.

జ్ఞానదంతాలు వస్తే మళ్లీ వంకరవుతాయట, ముందే పీకించేయాలా?

జ్ఞానదంతాలు ముందు పళ్లని నెట్టేస్తాయన్నది బాగా ప్రచారంలో ఉన్న మాటే కానీ పరిశోధనలు దాన్ని సమర్థించలేదు. పుచ్చితేనో, చిగురు వాస్తేనో, పక్క పన్నుని పాడుచేస్తుంటేనో తీయించండి.

రిటైనర్ వాసన వస్తోంది, వేడినీళ్లలో వేసి కడగనా?

వేయొద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, కొంచెం లిక్విడ్ సబ్బు చాలు. పేస్టుతో తోమితే గీతలు పడతాయి.

రిటైనర్ హోటల్లో టిష్యూలో చుట్టి పెట్టి మర్చిపోయాను, వారం అయింది. ఇప్పుడు?

ఇవాళే క్లినిక్‌కి ఫోన్ చేయండి, ‘వచ్చే నెల అపాయింట్‌మెంట్‌లో చూద్దాం’ అనుకోకండి. ఇంట్లో పాతది ఉండి, బిగుతుగా ఉన్నా పూర్తిగా కూర్చుంటే కొత్తది వచ్చేదాకా అదే పెట్టుకోండి. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి. కొత్తదానికి స్కానింగ్ చేయించుకునేటప్పుడు రెండు చేయించుకోండి, ఒకటి బీరువాలో ఉంచండి. వాటితో పాటు ఇచ్చే డబ్బా బ్యాగులోంచి తీయకండి.